రన్: ఇంత చిన్న మాటకి ఇన్ని అర్థాలా? తెలుగులో దేనికి ఏది వాడాలి?

అనువాదకూలీ:
అందరికీ నమస్కారం. ఒక సాఫ్ట్‌వేర్ తెరల మీది మాటల్ని తెలుగు చేసే పని చేతికొచ్చింది. వాక్యాలు ఉండవు, అన్నీ ముక్కలే. ఒక బటన్ మీద ఉత్తినే ‘రన్’. దాని కింద ‘లాస్ట్ రన్’. ఇంకో చోట ‘రన్స్ ఎవ్రీ మండే’. ఇంకో చోట ‘రన్నింగ్ అవుట్ ఆఫ్ స్పేస్’. ‘డ్రై రన్’ అని ఒకటి, ‘రన్నింగ్ టోటల్’ అని మరొకటి. అన్నింటికీ ఒకే మాట ఉంటే పదకోశం శుభ్రంగా ఉంటుందని పై వాళ్ళ కోరిక. ‘అమలు’ అని పెడితే మొదటి రెండు చోట్లా సరిపోతోంది గానీ ‘స్థలం అమలైపోతోంది’ అని రాయలేను కదా.

రెండు ప్రశ్నలు. ఇన్ని చోట్ల పనికొచ్చే తెలుగు మాట ఒక్కటైనా ఉందా? అసలు పరిగెత్తడం అనే మామూలు పనికి ఇంగ్లీషులో ఇంత సంసారం ఎలా ఏర్పడింది?

గుమ్మడిపువ్వు:
ముక్కు ‘రన్’ అవుతుంది, పాదాలు ‘స్మెల్’ అవుతాయి. కాళ్ళు చేయాల్సిన పని ముక్కు, ముక్కు చేయాల్సిన పని కాళ్ళు చేసే భాష అది. దాన్ని పట్టుకుని ఒకే మాట కావాలంటే ఎలాగండీ :)

తాళపత్రం:
కూలీ గారూ, మీరు పట్టుకున్నది మామూలు మాట కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్ళు తమ నిఘంటువుని సవరిస్తూ 2011 ప్రాంతంలో ‘రన్’ దగ్గరికొచ్చారు. క్రియగా మాత్రమే దానికి 645 అర్థాలు తేలాయి. ఆ ఒక్క ఆరోపం (నిఘంటువులో అర్థాలు ఇవ్వడానికి ఎత్తుకునే మాట) మీద పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. అంతకుముందు ఆ కిరీటం ‘సెట్’ది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో ‘సెట్’కి 430 అర్థాలు, దాని వివరణ ఒక్కటే సుమారు 60,000 మాటలు. ఒక మోస్తరు నవలంత.

కాబట్టి మీ పై వాళ్ళకి చెప్పండి, ఒకే మాట కుదరదని.

గిల్లికజ్జా:
ఈ 645 అంకె ఎక్కడ పడితే అక్కడ తిరుగుతుంటుంది. నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు.

ఒకటి, ‘సెట్’ లెక్క 1989 కూర్పుది, ‘రన్’ లెక్క కొత్త సవరణది. ఆ సవరణ మొదలైందే ‘ఎం’ అక్షరంతో, 2000లో. ‘ఆర్’ దాకా వచ్చేసరికి ‘రన్’ని కొత్త తక్కెడలో తూచారు, ‘సెట్’ అప్పటికి పాత తక్కెడలోనే ఉంది. అందులో ఇది బరువు, అది తేలిక అనడం ఏం న్యాయం?

రెండు, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్ళ వర్డ్‌నెట్ అనే కంప్యూటర్ నిఘంటువు తీయండి. అందులో ‘రన్’ క్రియకి 41 అర్థాలు, నామవాచకానికి 16. మొత్తం 57. అదే భాష, అదే మాట. ఒకరి లెక్క 645, ఇంకొకరిది 41. పైగా వర్డ్‌నెట్ క్రియల్లో ‘బ్రేక్’కి 59 ఉన్నాయి, అంటే అక్కడ ‘రన్’ మొదటి స్థానంలోనే లేదు. అర్థాలనేవి చెట్టుకి కాయల్లా విడివిడిగా వేలాడుతుంటే ఎవరు లెక్కపెట్టినా ఒకటే రావాలి. రావట్లేదంటే అవి కాయలు కావన్నమాట.

తాళపత్రం:
గిల్లికజ్జా గారూ, తక్కెడ మాట ఒప్పుకుంటాను. కానీ 645 గాలిలోంచి రాలేదు. ఆ నిఘంటువు చారిత్రకమైనది. ఎప్పుడో వాడి వదిలేసిన అర్థం కూడా అందులో ఉంటుంది, ‘రన్ అవుట్’, ‘రన్ ఇంటు’, ‘రన్ అప్’ లాంటి జంటలు ఒక్కొక్కటీ ఒక చిన్న కుటుంబంలా దిగుతాయి. ‘రన్ అప్’ ఒక్కదాన్నే చూడండి: మెట్లెక్కి పరిగెత్తడం, అప్పు పెంచుకోవడం, జెండా ఎగరేయడం, గబగబా ఒక గౌను కుట్టిపడేయడం. వీటిని నాలుగుగా చూస్తారా, ఒకటిగా చూస్తారా అన్నది సంపాదకుడి కత్తెర బట్టి ఉంటుంది.

గిల్లికజ్జా:
నేనన్నదీ అదే.

కోడ్‌గూడు:
నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి. సిద్ధాంతం నాకు తెలియదు, మా చోట జనం ఎలా మాట్లాడతారో చెప్తా. ‘స్క్రిప్ట్ రన్ చెయ్యి’, ‘ఇంకా రన్ అవుతోంది’, ‘రాత్రి రన్‌లో ఎర్రర్ వచ్చింది’. ఎవరికీ ఎక్కడా తికమక లేదు. ఎందుకంటే ఇంగ్లీషు మాట తెచ్చుకున్నా దాని వెనక ‘చెయ్యి’, ‘అవు’ మనమే తగిలించుకున్నాం. మనిషి చేయించేదానికి ‘రన్ చేయడం’, దానంతట అది సాగేదానికి ‘రన్ అవడం’. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మొహం.

కూలీ గారూ, మీ ముక్కల్లో ఏది బటనో, ఏది స్థితో, ఏది పేరో ముందు విడదీయండి. బటన్ అంటే ఆజ్ఞ. ‘రన్నింగ్’ అంటే స్థితి. ‘లాస్ట్ రన్’లో అది నామవాచకం. ఈ మూడూ విడిపోయాక సగం బరువు దిగుతుంది.

తాళపత్రం:
కోడ్‌గూడు గారు తెలియకుండానే చరిత్ర మీద చెయ్యి పెట్టారు. పాత ఇంగ్లీషులో ఇవి నిజంగానే రెండు క్రియలు. ‘రిన్నన్’ అంటే తనంతట తాను పరిగెత్తడం, పారడం. దానికి ప్రేరణార్థకం వేరే ఉండేది: పరిగెత్తించడం. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ నార్స్ భాషలోని ‘రెన్నా’ కూడా వచ్చి కలిసింది. మధ్యయుగాల్లో ఇవన్నీ ఒకే రూపంలోకి కరిగిపోయాయి. మనకి నడుచు, నడుపు అని రెండున్నాయి కదా, అవి రెండూ అరిగి ఒక్కటైపోతే ఎలా ఉంటుందో అలా. అందుకే వాళ్ళకి ‘ఇంజిన్ రన్స్’, ‘షి రన్స్ ది కంపెనీ’ రెండూ ఒకే మాటతో జరిగిపోతాయి. సంఖ్య పెరగడానికి ఈ కలయిక పెద్ద కారణం.

‘సెట్’ కథ కూడా ఇలాంటిదే. ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. ‘రైజ్’, ‘రెయిజ్’ జంట కూడా అదే బాపతు. అయితే ‘ఒక సెట్ గిన్నెలు’ అన్నప్పటి ‘సెట్’ వేరే ఇంటిది. అది ఫ్రెంచి మీదుగా లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది, ‘సెక్ట్’ అంటే శాఖ అన్న మాటకి చుట్టం. రెండూ ఒకేలా వినిపించేసరికి జనం కలిపేశారు.

ఇంకొక చిన్న సంగతి. జున్ను గట్టిపడడానికి పాలలో వేసే ‘రెన్నెట్’ ఉంది చూశారూ, అది కూడా ఈ ‘రన్’ బంధువే. పాలు ‘కలిసి పరిగెత్తేలా’ చేసేది, అంటే ముద్దకట్టేలా చేసేది అని.

వెన్నెలదారి:
నడుచు, నడుపు అన్నారు గనక చెప్తున్నా. ఇంగ్లీషు పరిగెత్తే చోట తెలుగు నడుస్తుంది, గమనించారా? బండి నడుస్తుంది. గడియారం నడుస్తుంది. కోర్టులో కేసు నడుస్తుంది. బడి నడుపుతారు, పత్రిక నడుపుతారు, ప్రభుత్వం నడుపుతారు. వీటిలో ఒక్కదాన్ని కూడా మనం పరిగెత్తించం. ‘వాళ్ళు బడిని పరిగెత్తిస్తున్నారు’ అంటే బడిలో ఏదో గొడవ జరుగుతోందనుకుంటారు వినేవాళ్ళు.

సినిమా దగ్గర మాత్రం మనం నడకా పరుగూ రెండూ మానేసి ‘ఆడింది’ అంటాం. ఎన్నికల్లో అసలు కదలం, ‘నిలబడతాం’. తమాషా ఏమిటంటే బ్రిటన్‌లో కూడా ‘స్టాండ్’ అవుతారు, అమెరికాలో ‘రన్’ అవుతారు. ఒకే భాషలో ఒకడు నిలబడి గెలుస్తాడు, ఇంకొకడు పరిగెత్తి గెలుస్తాడు.

గుమ్మడిపువ్వు:
ఓడిపోయినవాడు రెండు చోట్లా కూర్చుంటాడు.

గిల్లికజ్జా:
బాగుంది గానీ, దీన్నుంచి ‘తెలుగువాళ్ళు నిదానస్తులు, వాళ్ళు దూకుడు’ లాంటి సూత్రాలు తీయకండి, ముందే చెప్తున్నా. ఫ్రెంచిలో యంత్రం ‘మార్ష్’ అవుతుంది, అంటే నడుస్తుంది. హిందీలో దుకాణం, మిషను, సినిమా అన్నీ ‘చల్‌తీ’లే. జర్మన్‌లో యంత్రం, సినిమా, ముక్కు మూడింటికీ ‘లాఫెన్’ అనే మాటే, అది పరుగుకీ నడకకీ రెండింటికీ వాడతారు. ఏదో ఒక కదలికని పట్టుకుని పనిచేయడం అనే అర్థానికి లాగడం భాషలన్నీ చేసేదే. కొన్ని కాలికి దొరికిన నడకని తీసుకున్నాయి, కొన్ని పరుగుని.

అరసున్న:
ఇంతసేపూ ఎవరూ ‘పాఱు’ జోలికి రాలేదేమిటా అని చూస్తున్నా. బండి ఱ తోటి పాఱు. ఇప్పుడు మనం పారు అని రాస్తున్నాం.

పాత నిఘంటువుల్లో దీనికి పరుగెత్తు, ప్రవహించు అని రెండర్థాలూ ఉంటాయి. అచ్చంగా ‘రన్’ లాగే. ఇవాళ మామూలు మాటల్లో పరుగు అర్థం ఒక్క ‘పారిపోవు’లో మిగిలింది. నీళ్ళ విషయంలో మాత్రం ఇంకా బతికే ఉంది: కాలవ పారుతోంది, మడికి నీళ్ళు పారుతున్నాయి. అక్కడితో ఆగలేదు. పాచికలాటలో పాచిక దొర్లడాన్ని పారడం అన్నారు, అది పోయి పోయి ‘వాడి పాచిక పారలేదు’ దగ్గర తేలింది. ‘పాఱ’కి ‘వేయు’ చేరి ‘పారవేయు’ అయింది, నోటికి అరిగి ‘పారేయ్’ అయింది. ‘నోరు పారేసుకున్నాడు’ అనే వాడుకలో కాళ్ళ పరుగు ఎక్కడుందో వెతకండి, దొరకదు.

అసలు విచిత్రం దీని తర్వాత వస్తుంది. నల్లబారు, ఎర్రబారు, మొద్దుబారు, బండబారు, నెర్రెలుబారు. వీటిలో ‘బారు’ అన్నది ఆ పాఱే. ముందు అరసున్న ఉండడం వల్ల పకారం బకారమైంది: నల్లఁబాఱు. ఇక్కడ అర్థం ‘అలా మారిపోవు’. ఇప్పుడు ఇంగ్లీషు చూడండి. బావి ‘రన్స్ డ్రై’. నెత్తురు ‘రన్స్ కోల్డ్’. నిల్వ ‘రన్స్ లో’. పెరట్లో మొక్కలు ‘రన్ వైల్డ్’. ఒక స్థితిలోకి జారిపోవడం అనే పనికి వాళ్ళూ పరుగునే వాడారు, మనమూ వాడాం. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

కాబట్టి కూలీ గారి రెండో ప్రశ్నకి నా జవాబు: ఇది ఇంగ్లీషు గొప్పా కాదు, జబ్బూ కాదు. కదలిక చెప్పే క్రియ ఏ భాషలోనైనా ఇలాగే కొమ్మలేస్తుంది. మన పాఱు కొమ్మల్లో కొన్ని ఎండాయి, వాళ్ళ ‘రన్’ కొమ్మలు ఇంకా చిగురిస్తున్నాయి. అంతే తేడా.

వెన్నెలదారి:
అరసున్న గారూ! మొద్దుబారులో పరుగుందా! ఇన్నాళ్ళూ అది ‘బారు’ అంటే వరస అనుకున్నా.

అరసున్న:
‘బారులు తీరి’లోని బారు వేరండీ. చేతులు చాచిన కొలత ‘బార’ ఇంకొకటి. రూపం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. పైన తాళపత్రం గారు చెప్పిన ‘సెట్’ లాంటిదే.

పెవిలియన్ ఎండ్:
క్రికెట్ రన్ గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం.

ఆ మాట మొదట నిజంగా పరుగే. ఇద్దరు బ్యాటర్లు 22 గజాల పిచ్‌కి చెరో కొసనుంచీ బయల్దేరి, ఒకరినొకరు దాటి, అవతలి గీత లోపలికి చేరితే ఒకటి. ఇద్దరు పరిగెత్తినా లెక్కకి ఒకటే, అది గుర్తుంచుకోండి. తర్వాత అది పరుగు నుంచి విడిపోయి ఒక కొలమానం అయిపోయింది. బంతి గాల్లో బౌండరీ దాటితే ఆరు పరుగులు, బ్యాటర్ నిలబడ్డ చోటే నిలబడి ఉంటాడు. వైడ్ పడితే ఒక పరుగు, బ్యాట్ కూడా కదలక్కర్లేదు.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. రెండో పరుగు కోసం తిరిగేటప్పుడు బ్యాట్ కొన గీతకి అంగుళం ఇవతలే తగిలి వెనక్కి తిరిగాడనుకోండి. అంపైర్ ఒక చెయ్యి మడిచి వేళ్ళ కొసలతో తన భుజం తాకుతాడు. షార్ట్ రన్. మనిషి చెమటలు కక్కుతూ పరిగెత్తాడు, అది రన్ కాదు. పరిగెత్తకుండా వచ్చే రన్ ఉంది, పరిగెత్తినా రాని రన్ ఉంది. ఆ 645లో ఇవి ఎన్నో నంబర్లో తెలియదు గానీ నా దృష్టిలో అన్నింటికంటే అందమైనవి ఇవే.

బేస్‌బాల్‌లోనూ ‘రన్’ ఉంది, కానీ అక్కడ దాని ధర ఎక్కువ. నాలుగు బేస్‌లూ చుట్టి ఇంటికి చేరితేనే ఒకటి. ఒక్కో బేస్‌కీ మధ్య 90 అడుగులు, మొత్తం 360 అడుగులు. మాట ఒకటే, మారకపు రేటు వేరు.

అనువాదకూలీ:
పెవిలియన్ గారూ, మీ వల్ల ఒకటి తట్టింది. ‘రన్’ని మనం తెలుగులో ‘పరుగు’ అని నేరుగా అనువదించి నిలబెట్టుకున్న చోటు క్రికెట్ ఒక్కటేనేమో. పత్రికలు ‘పరుగుల వరద’ అని రాస్తే ఎవరికీ వింతగా అనిపించదు.

గుమ్మడిపువ్వు:
పరుగుల వరద. పరుగు, ప్రవాహం రెండూ మళ్ళీ కలిశాయి. అరసున్న గారికి పండగ.

కోశాగారం:
బ్యాంకుల వాళ్ళకి ‘రన్’ అంటే గుండె దడ. డబ్బు దాచుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా వెనక్కి తీసుకోవడానికి ఎగబడడం. బ్యాంకు అందరి డబ్బూ బీరువాలో పెట్టుకుని కూర్చోదు, అప్పులిస్తుంది, బాండ్లు కొంటుంది. అందరూ ఒకే రోజు అడిగితే ఎంత మంచి బ్యాంకైనా ఇవ్వలేదు. ఇవ్వలేదేమో అన్న భయంతోనే అందరూ అడుగుతారు. ఈ చిక్కుముడిని లెక్కల్లో చూపించిన డైమండ్, డిబ్‌విగ్‌లకి బెర్నాంకీతో కలిపి 2022లో అర్థశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. వాళ్ళ వ్యాసం 1983 నాటిది.

ఆ మాట పుట్టినప్పుడు జనం నిజంగానే వీధుల్లో పరిగెత్తి బ్యాంకు తలుపుల దగ్గర గుమిగూడేవారు. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు తీసేసుకోవడానికి ఖాతాదారులు పూనుకున్నారు. ఎక్కువమంది ఫోన్ల మీదా కంప్యూటర్ల మీదా. కుర్చీలోంచి లేవలేదు. మర్నాడు బ్యాంకు మూతపడింది. దాన్నీ ‘రన్’ అనే అన్నారు.

పెవిలియన్ ఎండ్:
అంటే అదీ బౌండరీయే. కదలకుండా కొట్టారు.

లెక్కలబల్ల:
చిన్న మాట కలుపుతా. ఏ మాట ఎక్కువగా వాడతామో దానికే అర్థాలు ఎక్కువ ఉంటాయని జార్జ్ జిఫ్ అనే భాషావేత్త 1945లోనే చెప్పాడు. అర్థాల సంఖ్య వాడుక తరచుదనానికి సుమారు వర్గమూలంలా పెరుగుతుందని ఆయన లెక్క. అంటే వాడుక నూరు రెట్లు పెరిగితే అర్థాలు పది రెట్లు. ఉజ్జాయింపే, కానీ దిశ మాత్రం నిజం. అందుకే ‘రన్’, ‘సెట్’, ‘పుట్’, ‘టేక్’ లాంటి పొట్టి మాటలే పోటీలో ఉంటాయి. ‘ఫోటోసింథసిస్’ ఎప్పుడూ ఆ పోటీకి రాదు.

మధురవాణి_2:
సంస్కృతం వైపు నుంచి ఒకటి. అమరకోశంలో నానార్థవర్గం అని ఒక భాగమే ఉంది. అందులో ‘హరి’కి ఒకే శ్లోకంలో యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని 13 అర్థాలు, కపిల వర్ణం అని ఇంకొకటి. బడిలో నానార్థాలు రాయమన్నప్పుడు హరి దొరికితే మార్కులు దొరికినట్టే.

గిల్లికజ్జా:
వాణి గారూ, అది వేరే రకమండీ. హరి అంటే కప్ప అని నిఘంటువులో ఉంది, కానీ ‘చెరువులో హరి బెకబెకమంటోంది’ అని ఎవరూ అనలేదు. అవి కవికి యతి దగ్గర, శ్లేష దగ్గర పనికొచ్చే అర్థాలు. ‘రన్’ అర్థాలు పొద్దున లేస్తే నోట్లో నలిగేవి.

మధురవాణి_2:
శ్లేష అంటే తక్కువా?

గిల్లికజ్జా:
తక్కువ అనలేదు. వేరే అన్నా.

నిశ్శబ్దపాఠకి:
ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను, ఇవాళ ఒకటి అడగాలనిపించింది. ‘రన్ ఓవర్’ అంటే కారు కింద పడడం, నోట్సు ఒకసారి తిరగేయడం, సమావేశం అనుకున్న టైము దాటిపోవడం, గిన్నె పొంగి పొర్లడం. ఇన్ని ఉన్నా మాట్లాడేవాళ్ళు ఒక్క క్షణం కూడా ఆగరు. మరి యంత్రం ఎలా పట్టుకుంటుంది?

కోడ్‌గూడు:
పాఠకి గారూ, మంచి ప్రశ్న. 1960లో యెహోషువా బార్‌హిల్లెల్ అనే ఆయన ఇదే అడిగి యంత్రానువాదం చేసేవాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాడు. ఆయన ఉదాహరణ ‘పెన్’. పిల్లాడు బొమ్మల పెట్టె కోసం వెతుకుతున్నాడు, చివరికి దొరికింది, ‘పెట్టె పెన్‌లో ఉంది’. ‘పెన్’ అంటే కలం, పసిపిల్లల్ని ఆడుకోవడానికి వదిలే చిన్న కంచె కూడా. కలంలో పెట్టె పట్టదని మనకి తెలుసు. యంత్రానికి పెట్టె సైజూ కలం సైజూ ఎవరు చెప్తారు? లోకజ్ఞానం మొత్తం ఎక్కిస్తే తప్ప కుదరదన్నాడు.

ఇప్పటి పద్ధతి మాట చుట్టూ ఉన్న మాటల్ని చూడడం. ‘ఒక మాట సంగతి దాని సావాసం చూసి తెలుసుకోవాలి’ అన్న అర్థం వచ్చేలా ఫర్త్ అనే భాషావేత్త 1957లో అన్నది దీనికి పునాది. ‘రన్ ఓవర్’ పక్కన కారు, అంబులెన్స్ ఉంటే ఒకటి. టైము, మీటింగు ఉంటే ఇంకొకటి. కోట్లాది వాక్యాల్లో ఏ మాట ఎవరితో తిరుగుతోందో చూసి అంకెల్లోకి దించుతారు. చాలా వరకు పనిచేస్తుంది. కూలీ గారి బటన్ మీది ఒంటరి ‘రన్’ దగ్గర మాత్రం దానికీ దిక్కు తోచదు, సావాసమే లేదుగా. ఆ ముక్క తెర మీద ఎక్కడ కనిపిస్తుందో బొమ్మ అడిగి తెప్పించుకోండి. అది లేకుండా అనువదించమనడం అన్యాయం.

అనువాదకూలీ:
తెప్పించుకున్నానండీ. పై వాళ్ళతో మాట్లాడి ‘ఒకే మాట’ నిబంధన కూడా ఎత్తించాను. ఇప్పటికి ఇలా కుదిరింది. బటన్ మీద ‘నడుపు’. స్థితికి ‘నడుస్తోంది’. ‘లాస్ట్ రన్’కి ‘చివరిసారి నడిపింది’ అని పెట్టి పక్కనే తేదీ. సోమవారం సంగతికి ‘ప్రతి సోమవారం నడుస్తుంది’. ‘రన్నింగ్ టోటల్’కి ‘ఇప్పటివరకు మొత్తం’. ‘డ్రై రన్’ దగ్గర చాలా కొట్టుకున్నా. నిజంగా ఏమీ మార్చకుండా, మార్చితే ఏమవుతుందో చూపించడం అది. ‘ఉత్తుత్తి పరుగు’ అని సరదాగా రాసుకుని కొట్టేసి, ‘మార్పులు చేయకుండా పరీక్ష’ అని పెట్టా. పొడుగైంది. బటన్‌లో పడుతుందో లేదో.

‘రన్నింగ్ అవుట్ ఆఫ్ స్పేస్’ మాత్రం తేలలేదు.

వెన్నెలదారి:
‘జాగా నిండుకుంటోంది’. ఇంతకంటే ఏం కావాలి? సరుకు అయిపోయింది అనడం ఇష్టంలేక ‘నిండుకుంది’ అంటాం. డిస్కు విషయంలో రెండు రకాలుగానూ నిజమే: అది నిండుతోంది, ఖాళీ నిండుకుంటోంది.

అనువాదకూలీ:
అబ్బ! తీసుకున్నా.

కోడ్‌గూడు:
ఆ హెచ్చరిక ఎర్రరంగులో వస్తుంది కదా, ‘నిండుకుంటోంది’ అంటే కొత్తవాళ్ళు బాగానే ఉందనుకునే ప్రమాదం లేదా? ‘జాగా అయిపోవస్తోంది’ అంటే ఎవరికైనా ఒకే రకంగా తగులుతుంది. నా ఓటు దానికి.

వెన్నెలదారి:
అందం పోయింది. కానీ హెచ్చరికలో అందం ఎందుకులెండి, సరే.

గుమ్మడిపువ్వు:
అందరూ ‘రన్’ని చూసి నోరు తెరుస్తున్నారు, మన ‘కొట్టు’ని ఎవరైనా చూశారా? గంట కొట్టు. ఈల కొట్టు. సెంచరీ కొట్టు. కాపీ కొట్టు. బండికి గాలి కొట్టించు. గోడకి సున్నం కొట్టు. పేరు కొట్టేయ్. పర్సు కొట్టేశాడు. బోరు కొడుతోంది. కంపు కొడుతోంది. మొహం మొత్తితే ‘వెగటు కొడుతోంది’. వరదకి కొట్టుకుపోయింది. ‘వాళ్ళిద్దరూ దాని కోసం కొట్టుకు చస్తున్నారు’. పైన కూలీ గారు కూడా ‘చాలా కొట్టుకున్నా’ అనీ ‘కొట్టేసి’ అనీ ఒకే ఊపులో రెండు రకాలుగా రాశారు, ఆయన గమనించలేదు. ఇందులో ఎవరినైనా నిజంగా కొట్టింది ఎక్కడ?

నిశ్శబ్దపాఠకి:
లైట్లు కొట్టడం, వాంతి అయ్యేలా కడుపులో కొట్టడం, పొట్ట కొట్టడం. చివరిది అన్నింటికంటే గట్టి దెబ్బ.

లెక్కలబల్ల:
కొట్టు అంటే దుకాణం కూడా. అది కూడా ఈ లెక్కలోకేనా?

అరసున్న:
కాదండీ. కొట్టు, కొట్టం, కొట్టిడి అనేవి ఒక కుదురు. గది, పాక, సరుకు దాచే చోటు అని. అక్కడినుంచి దుకాణం. దానికి వేరే ఆరోపం ఇవ్వాలి. గుమ్మడిపువ్వు గారి జాబితా అంతా రెండో ఆరోపం కింద దిగుతుంది. అందులోనూ నేనైతే ‘వాసన కొట్టడం, బోరు కొట్టడం’ ఒక అర్థంగా పెడతా, ఎందుకంటే రెండింటిలోనూ దెబ్బ వచ్చి తగిలేది మనకే. ‘గంట, ఈల, డప్పు’ ఇంకొకటి, అక్కడ ఫలితం చప్పుడు. ఈల దగ్గర చెయ్యి లేకపోయినా చప్పుడు చాలు. ‘కాపీ కొట్టడం, పర్సు కొట్టేయడం’ ఒకటి, దొంగతనం ఉంది గనక.

గిల్లికజ్జా:
సెంచరీ కొట్టడం?

అరసున్న:
బంతిని కొట్టి తెచ్చుకున్నది గనక మొదటి అర్థానికే అంటుకుని ఉంటుంది.

గిల్లికజ్జా:
‘లాటరీ కొట్టాడు’లో బంతి లేదే మరి.

అరసున్న:
సెంచరీని చూసి వచ్చిందేమో అది.

గిల్లికజ్జా:
చూశారా, మీ దగ్గర నాలుగయ్యాయి. నేను రాస్తే తొమ్మిదవుతాయి. గుమ్మడిపువ్వు గారు రాస్తే ముప్పై. మొదట్లో నేను మొత్తుకున్నది ఇదే, 645 అన్నది మాట గురించి కాదు, గిల్లివర్ గారి కత్తెర గురించి చెప్తుంది.

తాళపత్రం:
కత్తెర ఆయనదైనా గుడ్డ మాటదేగా. తొమ్మిది నెలలు కత్తిరించేంత గుడ్డ ‘ఫోటోసింథసిస్’లో ఉండదు.

గుమ్మడిపువ్వు:
సరే, ఇప్పుడు ‘పట్టు’ మొదలుపెడతా. రెండు గంటలు పట్టింది, తుప్పు పట్టింది, నిద్ర పట్టింది, పిచ్చి పట్టింది, ఈ గదిలో పదిమంది పట్టరు, నన్ను పట్టించుకోరు...

అరసున్న:
పట్టుచీర వేరే ఆరోపం. అది ముందే చెప్పేస్తున్నా.